పదిహేడో నంబరు గంట

ఆఖరి సమావేశానికి పద్దెనిమిది కుర్చీలు వేశాను.
నిండినవి పదకొండు.
ఒకదాన్లో ఎవరో మరిచిపోయిన విత్తనాల కంపెనీ టోపీ.

నేను ఆర్ఫా వొబోర్నిక్‌ని, స్కూలు బోర్డు గుమస్తాని.
నెబ్రాస్కా ఇసుక దిబ్బల నడుమ
మ్యాపులో ఈగ వాలినంత మా డిస్ట్రిక్టు.
ఇక్కడి మాటల్ని పొల్లు పోకుండా,
గొంతు మాత్రం తీసేసి
ఇరవై రెండేళ్ళుగా రాసిపెడుతున్నాను.
"తీర్మానించడమైనది" అంటాను.
బల్ల గుద్దిన పిడికిలి సంగతి రాయను.

విలీనానికి అరవై ఒకటి, వద్దన్నవాళ్ళు యాభై ఎనిమిది.
ఏప్రిల్ మంచులో స్టోయెన్ వాళ్ళ ట్రక్కు
కల్వర్టు దగ్గర దిగబడకపోయి ఉంటే...
దాంట్లో నలుగురున్నారు.
ఈ లెక్క ఇంకో పాతికేళ్ళు వేసుకుంటాం.

ఆగస్టు నుంచి మా నలభై ఏడుగురు పిల్లలు
ముప్పై ఎనిమిది మైళ్ళు పోవాలి.
చలికాలం చీకట్లో ఎక్కి, చీకట్లో దిగడమే.

కోపంతోనే బీరువా తెరిచాను.
పెద్ద ఊరు చిన్న ఊరిని మింగడం ఇవాళ్టిది కాదని
రుజువు దొరుకుతుందనుకున్నాను.
దొరికింది.

1889. గడ్డినేలను ఇటుకల్లా కోసి గోడలు కట్టినవాళ్ళకి
రోజుకి డాలరుంబావు.
వానొస్తే మట్టి కారుతోంది, పలకలకి గుడ్డ కొనాలి.
1918. నవంబరు పేజీ తెల్లగా ఉంది.
డిసెంబరులో ఒక్క వాక్యం:
టీచరు ఇంగెబోర్గ్ గారి జీతం బాకీ
ఆమె అన్నగారికి పంపవలెను.
1933. బొగ్గు కన్నా మొక్కజొన్నే చవక,
పొయ్యిలో కంకులు కాల్చారు.
గదంతా పేలాల వాసన వేసి ఉంటుంది.
పిల్లలకి ఆకలేసి ఉంటుంది.
అది రాయలేదు.

1957. ఇక్కడ చేతిరాత నాకు తెలుసు.
మా తాత ఎమిల్‌ది.
"చుట్టూ ఉన్న తొమ్మిది ఒంటిగది బళ్ళను
మన బడిలో కలుపుకొనుట పొదుపు."
కింద ఇంకో వరుస:
"పదిహేడో నంబరు బడి నుంచి శ్రీమతి లుద్మిలా హ్రబాక్ మాట్లాడిరి."
ఏం మాట్లాడిందో లేదు.
ఫుల్‌స్టాప్ మాత్రం లోతుగా దిగి
అవతలి పేజీలో తెలుస్తోంది.
మేం మింగినప్పుడు
మాకు చప్పుడు వినపడలేదన్న మాట.

ఆ కిందే:
"పదిహేడో నంబరు గంటను తాత్కాలికంగా తెచ్చి ఉంచడమైనది."

బాయిలరు గదిలో ఉంది.
దాని మీద తడి మాప్‌లు ఆరేస్తున్నారు.

లుద్మిలా కూతురు రోజాలీకి ఎనభై నాలుగేళ్ళు.
గంటని పికప్‌లో వేసుకుని, దుప్పటి చుట్టి వెళ్ళాను.
ఆ రోజు మీ అమ్మ ఏమంది, అని అడిగాను.
ఏదైనా పెద్ద మాట చెబుతుందని
పెన్ను కూడా తీశాను.

ఆవిడ చాలాసేపు ఆలోచించింది.
"చేతిపంపులో నీళ్ళు వదిలేసి వెళ్ళండి,
లేకపోతే గడ్డకట్టి పగులుతుంది, అని చెప్పింది.
ఎవరూ వదల్లేదు.
పగిలింది."

తర్వాత పానాతో గంట మీద ఒక్కటి కొట్టింది.
కుక్క లేచి చూసింది.
"ఎప్పుడూ ఇలాగే మూలిగేది వెధవది," అని నవ్వింది.
అంచున సన్నటి బీట చూపించి
"ఇది మీ పని కాదులే," అంది.

రాత్రి ఆఖరి మినిట్స్ పూర్తి చేశాను.
టోపీ ఎవరిదో వచ్చి తీసుకోవలెను.
పంపు గురించి శ్రీమతి లుద్మిలా హ్రబాక్ చెప్పినది
అరవై ఏళ్ళకు పైగా ఆలస్యంగా నమోదు చేయడమైనది.
గంట తిరిగి ఇవ్వడమైనది.
బీట పాతదే.